విమానాశ్రయ హోటల్లో కొన్ని గంటల బస: రకాలు, నిబంధనలు, లెక్కలు

రెండు విమాన ప్రయాణాల నడుమ మిగిలే కొద్ది గంటలను పడక మీద గడపడానికి వీలుగా విమానాశ్రయం లోపల గాని, దాని ఆవరణలో గాని, దానికి చేరువలో గాని నిర్మించిన వసతిని విమానాశ్రయ హోటల్ అంటారు. మామూలు హోటల్‌కు వచ్చే అతిథికి ఆ ఊరితో పని ఉంటుంది. విమానాశ్రయ హోటల్‌కు వచ్చేవారిలో చాలామందికి ఆ ఊరితో సంబంధమే ఉండదు. తెల్లవారుజామున నాలుగింటి విమానం కోసం రాజమహేంద్రవరం నుంచి సాయంత్రమే హైదరాబాద్ చేరుకున్న విద్యార్థి, అమెరికాలోని కుమార్తె ఇంటికి బయలుదేరి దోహాలో తొమ్మిది గంటలు వేచి ఉండవలసిన వృద్ధ దంపతులు, మస్కట్ నుంచి ముంబయి మీదుగా జగిత్యాలకు తిరిగి వస్తున్న కార్మికుడు ఇలాంటి బస కోసం వెదికేవారే.

ఈ బసను ఎంచుకునేటప్పుడు గది అద్దె, పడక, స్నానపు గది వంటి వివరాలను అందరూ చూస్తారు. వాటికంటే ముందు చూడవలసినది మరొకటి ఉంది. ఆ హోటల్ భద్రతా తనిఖీకి, ఇమిగ్రేషన్ తనిఖీకి లోపలి వైపున ఉందా, బయటి వైపున ఉందా అన్నదే ఆ ప్రశ్న. ఎంతసేపు నిద్రపోగలరు, వీసా కావాలా, సామాను చేతికి వస్తుందా, అసలు ఆ గది తలుపు వరకు చేరుకోగలరా అన్నవన్నీ దాని మీదనే ఆధారపడి ఉంటాయి.

లోపలి హోటల్, బయటి హోటల్

విమానయాన పరిభాషలో తనిఖీలు దాటిన తరువాతి ప్రాంతాన్ని ఎయిర్‌సైడ్ అని, తనిఖీలకు ముందున్న ప్రాంతాన్ని ల్యాండ్‌సైడ్ అని వ్యవహరిస్తారు. తెలుగులో వీటిని లోపలి ప్రాంతం, బయటి ప్రాంతం అనుకోవచ్చు. లోపలి ప్రాంతంలోని హోటల్‌ను సాధారణంగా ట్రాన్సిట్ హోటల్ అంటారు. బోర్డింగ్ పాస్ ఉన్నవారు మాత్రమే అక్కడికి చేరగలరు. అంతర్జాతీయ ప్రాంతంలోని ట్రాన్సిట్ హోటల్‌లో బస చేసినవారు చట్టం దృష్టిలో ఆ దేశంలోకి ప్రవేశించనట్లే లెక్క. పాస్‌పోర్టు మీద ముద్ర పడదు.

బయటి ప్రాంతంలోని హోటళ్లు మూడు రకాలు. టెర్మినల్ భవనంలోనే, తనిఖీలకు ముందు ఉండేవి మొదటి రకం. నడిచి వెళ్లగలిగినంత దూరంలో, విమానాశ్రయ ఆవరణలో ఉండేవి రెండో రకం. పేరులో ‘ఎయిర్‌పోర్ట్’ అనే మాట ఉండి, వాహనంలో వెళ్లవలసినంత దూరంలో ఉండేవి మూడో రకం. ప్రయాణికులు ఎక్కువగా పొరబడేది ఈ మూడో రకం విషయంలోనే. పేరును బట్టి దూరాన్ని అంచనా వేయడం సాధ్యం కాదు.

సింగపూర్‌లోని చాంగీ విమానాశ్రయం ఈ భేదానికి చక్కటి ఉదాహరణ. అక్కడి క్రౌన్ ప్లాజా హోటల్ మూడో టెర్మినల్‌ను ఆనుకొని బయటి ప్రాంతంలో ఉంది. జ్యువెల్ భవనంలోని యోటెల్‌ఎయిర్ కూడా బయటిదే. కొన్ని టెర్మినళ్ల లోపలి ప్రాంతంలో ట్రాన్సిట్ హోటళ్లు ఉన్నాయి. సింగపూర్ వీసా లేని భారతీయ ప్రయాణికుడు విమానం మారే వేళలో లోపలి హోటల్‌లో నిద్రపోవచ్చు. కొన్ని వందల అడుగుల దూరంలోనే ఉన్న బయటి హోటల్‌లో గది తీసుకుని డబ్బు చెల్లించినా సాధారణంగా అక్కడికి చేరలేడు.

దుబాయ్ విమానాశ్రయం మూడో టెర్మినల్ లోపలి ప్రాంతంలో దుబాయ్ ఇంటర్నేషనల్ హోటల్, దోహాలోని హమద్ విమానాశ్రయం లోపల ఓరిక్స్ ఎయిర్‌పోర్ట్ హోటల్ ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల నుంచి అమెరికాకు, ఐరోపాకు వెళ్లేవారిలో చాలామంది ఈ రెండు విమానాశ్రయాల మీదుగానే ప్రయాణిస్తారు.

మజిలీ నుంచి గాజు గది వరకు

ప్రయాణంలో ఆగి సేదదీరే చోటుకు తెలుగులో మజిలీ అనే మాట స్థిరపడింది. దీనికి మూలం అరబ్బీలోని మంజిల్. ఉర్దూ ద్వారా తెలుగులోకి వచ్చి ఇంటి మాటగా మారింది. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరి 1831లో తిరిగి వచ్చేసరికి పదిహేను నెలలు పట్టింది. ఆ ప్రయాణమంతా మజిలీలుగానే సాగింది. పగలు నడక, రాత్రి బస అనే క్రమంలో బస ప్రయాణంలో విడదీయరాని భాగం.

తొలినాళ్ల విమాన ప్రయాణమూ ఇలాంటిదే. అప్పటి విమానాలు రాత్రివేళ సుదూరం ఎగరలేవు. లండన్ నుంచి కరాచీకి 1929లో ప్రారంభమైన ఇంపీరియల్ ఎయిర్‌వేస్ సర్వీసుకు దాదాపు వారం రోజులు పట్టేది. మధ్యలో కొంత దూరం రైలులో వెళ్లవలసి వచ్చేది. ఆ మార్గంలో ప్రయాణికుల రాత్రి బస కోసం 1932లో షార్జాలో కోట వంటి విశ్రాంతి గృహాన్ని నిర్మించారు. అల్ మహత్తా పేరుతో అది నేడు ప్రదర్శనశాలగా ఉంది. పాన్ అమెరికన్ సంస్థ 1930ల మధ్యలో పసిఫిక్ మహాసముద్రంలోని మిడ్‌వే, వేక్ దీవులలో చిన్న హోటళ్లను నెలకొల్పింది. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి మనీలాకు వెళ్లే విమానాలు ఒక్కో రాత్రి ఒక్కో దీవిలో ఆగేవి. ఆ హోటళ్లు లేకుంటే ఆ మార్గమే లేదు.

విమానాశ్రయం పక్కనే ప్రత్యేకంగా కట్టిన తొలి హోటళ్లలో లండన్ సమీపంలోని క్రాయిడన్‌లో 1928లో తెరిచిన ఏరోడ్రోమ్ హోటల్ ప్రసిద్ధమైనది. అమెరికాలో హెన్రీ ఫోర్డ్ 1931లో డియర్‌బోర్న్ ఇన్ అనే హోటల్‌ను తన విమానాశ్రయానికి ఎదురుగా నిర్మించాడు. జెట్ విమానాలు వచ్చి, దూరం గంటలలోకి కుదించుకుపోయిన తరువాత రాత్రి మజిలీ అవసరం తగ్గింది. అయితే పెద్ద విమానాశ్రయాలు కూడళ్లుగా మారి, ఒక విమానం దిగి మరొకటి ఎక్కే పద్ధతి విస్తరించడంతో ఆ అవసరం మరో రూపంలో తిరిగి వచ్చింది.

తక్కువ చోటులో ఎక్కువ మందికి పడక కల్పించే ఆలోచనకు జపాన్ వాస్తుశిల్పి కిషో కురోకావా రూపమిచ్చాడు. ఆయన రూపకల్పన చేసిన తొలి క్యాప్సూల్ హోటల్ 1979లో ఒసాకాలో ప్రారంభమైంది. ఒక మనిషి పడుకోగల పెట్టెలాంటి గదులను ఒకదానిపై ఒకటి పేర్చడం దాని పద్ధతి. ఈ ఆలోచన తరువాతి కాలంలో విమానాశ్రయాలకూ పాకింది. లండన్ గాట్విక్ విమానాశ్రయంలో 2007లో యోటెల్ సంస్థ గంటల లెక్కన ఇచ్చే చిన్న గదులను ప్రారంభించింది. కౌలాలంపూర్‌లో క్యాప్సూల్ ట్రాన్సిట్ అనే వసతిలో ప్రయాణికులు కొన్ని గంటల చొప్పున పడకను తీసుకుంటారు. న్యూయార్క్‌లో మాత్రం దీనికి భిన్నమైన ప్రయత్నం జరిగింది. ఏరో సారినెన్ రూపకల్పనలో 1962లో ప్రారంభమైన టీడబ్ల్యూఏ టెర్మినల్‌ను కేంద్రంగా చేసుకుని, 2019 మే నెలలో 512 గదుల హోటల్‌ను తెరిచారు.

అర్ధరాత్రి విమానాలు ఎందుకు?

భారత్ నుంచి ఐరోపా, గల్ఫ్ దేశాలకు వెళ్లే విమానాలలో చాలావరకు అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము వరకు బయలుదేరుతాయి. ప్రయాణికుల సౌకర్యం దీనికి కారణం కాదు. ఐరోపాలోని పలు విమానాశ్రయాలలో శబ్ద నియంత్రణ కోసం రాత్రి వేళ రాకపోకలపై ఆంక్షలున్నాయి. ఫ్రాంక్‌ఫర్ట్‌లో రాత్రి 11 నుంచి ఉదయం 5 గంటల వరకు సాధారణ షెడ్యూలు విమానాలను 2011 నుంచి అనుమతించడం లేదు. ఉదయం అక్కడ దిగి, ఇతర నగరాలకు వెళ్లే విమానాలను అందుకోవాలంటే భారత్‌లో అర్ధరాత్రి దాటాక బయలుదేరవలసి ఉంటుంది. గల్ఫ్ కూడళ్లలోనూ ఇదే సూత్రం. పలు దేశాల నుంచి వచ్చే విమానాలు ఒకే సమయంలో దిగి, కొద్ది గంటల తరువాత అన్నీ ఒకే సమయంలో బయలుదేరేలా పట్టికలను తయారు చేస్తారు. ఈ వరుసలో ఒకటి తప్పితే తరువాతి వరుస కోసం గంటల తరబడి వేచి ఉండక తప్పదు.

దీని భారం జిల్లాల నుంచి వచ్చే ప్రయాణికుల మీద ఎక్కువగా పడుతుంది. నిజామాబాద్, కరీంనగర్, జగిత్యాల వాసులు శంషాబాద్‌కు, అనంతపురం వాసులు బెంగళూరు సమీపంలోని దేవనహళ్లికి, నెల్లూరు, చిత్తూరు వాసులు చెన్నైకి రోడ్డు మార్గాన గాని రైలులో గాని ముందే చేరుకుంటారు. హైదరాబాద్ విమానాశ్రయం 2008 మార్చి వరకు నగరం నడిబొడ్డున బేగంపేటలో ఉండేది. బంధువుల ఇంట భోజనం చేసి, కాసేపు నడుం వాల్చి విమానాశ్రయానికి వెళ్లడం అప్పట్లో సాధ్యమయ్యేది. విమానాశ్రయం శంషాబాద్‌కు మారిన తరువాత ఆ వెసులుబాటు తగ్గి, సమీపంలోనే కొద్ది గంటల బస అవసరం పెరిగింది.

దేశదేశానికీ వేరే గీత

బయటి హోటల్‌కు వెళ్లాలంటే ఆ దేశంలోకి ప్రవేశించే అర్హత ఉండాలి. లోపలి హోటల్‌కు సాధారణంగా ఆ అవసరం ఉండదు. అయితే ఈ సూత్రానికి మినహాయింపులున్నాయి.

అమెరికాలో అంతర్జాతీయ ప్రయాణికులకు ప్రత్యేకమైన ట్రాన్సిట్ ప్రాంతం లేదు. అక్కడి విమానాశ్రయంలో దిగిన ప్రతి ఒక్కరూ, మరో దేశానికి వెళ్తున్నవారైనా సరే, ఇమిగ్రేషన్ తనిఖీ దాటవలసిందే. అందుకు భారతీయులకు ట్రాన్సిట్ వీసా గాని, మరో సరైన వీసా గాని ఉండాలి. సామానును కూడా సాధారణంగా తొలి విమానాశ్రయంలోనే తీసుకుని, తిరిగి అప్పగించాలి. బ్రిటన్‌లో బయటికి రాకుండా విమానం మారడానికి సైతం భారతీయులకు ట్రాన్సిట్ వీసా అవసరం. అమెరికా వంటి కొన్ని దేశాల వీసా ఉన్నవారికి షరతులతో మినహాయింపు ఉంది. ఐరోపా దేశాలలో కొన్ని కూడా కొన్ని దేశాల పౌరుల నుంచి ఇలాంటి వీసా కోరుతాయి. ఈ నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే ముందే ఆయా దేశాల రాయబార కార్యాలయాల సమాచారాన్ని సరిచూసుకోవాలి.

భారత్‌లో పరిస్థితి వేరు. విదేశం నుంచి వచ్చి దేశీయ విమానం ఎక్కేవారు తొలుత దిగిన నగరంలోనే ఇమిగ్రేషన్, కస్టమ్స్ లాంఛనాలు పూర్తి చేసుకోవాలి. దుబాయ్ నుంచి ఢిల్లీ మీదుగా విజయవాడకు వచ్చేవారు ఢిల్లీలోనే దేశంలోకి ప్రవేశించినట్లు. భారతీయ పౌరులకు బయటి హోటల్‌కు వెళ్లడంలో ఇబ్బంది లేదు. తిరిగి టెర్మినల్‌లోకి ప్రవేశించడానికి మాత్రం తరువాతి విమానం టికెట్, గుర్తింపు పత్రం ద్వారం వద్ద చూపాలి. విదేశీ పాస్‌పోర్టు ఉన్న కుటుంబ సభ్యులకు వీసా గాని, ఓసీఐ కార్డు గాని ఉండాలి. తల్లిదండ్రులకు భారతీయ పాస్‌పోర్టు, అమెరికాలో పుట్టిన పిల్లలకు అమెరికా పాస్‌పోర్టు ఉన్న కుటుంబాలు ఈ విషయాన్ని ముందుగా గమనించాలి. విదేశీయులు బస చేసినప్పుడు ఆ వివరాలను 24 గంటల్లోగా అధికారులకు తెలియజేయవలసిన బాధ్యత హోటల్‌దే. అందుకే గది ఇచ్చేటప్పుడు పాస్‌పోర్టు, వీసా నకళ్లు తీసుకుంటారు.

గీతకు ఇటూ అటూ కాని స్థితికి మెహ్రాన్ కరీమీ నాసెరీ జీవితం తీవ్రమైన నిదర్శనం. ఇరాన్‌లో జన్మించిన ఆయన సరైన పత్రాలు లేక 1988 నుంచి 2006 వరకు పారిస్‌లోని చార్లెస్ డి గాల్ విమానాశ్రయం ఒకటో టెర్మినల్‌లోనే నివసించాడు. 2022 నవంబరులో అదే విమానాశ్రయంలో మరణించాడు. 2004లో వచ్చిన ‘ది టెర్మినల్’ చిత్రానికి ఆయన ఉదంతం కొంతవరకు ప్రేరణ.

దేశంలోని వసతులు

ఢిల్లీలోని ఇందిరాగాంధీ విమానాశ్రయం మూడో టెర్మినల్ లోపల హాలిడే ఇన్ ఎక్స్‌ప్రెస్ హోటల్ ఉంది. దేశీయ, అంతర్జాతీయ ప్రయాణికులకు వేర్వేరు విభాగాలున్నాయి. టెర్మినల్‌కు వెలుపల ఏరోసిటీ పేరుతో హోటళ్ల సముదాయమే వెలిసింది. ముంబయి రెండో టెర్మినల్‌లో నిరంత అనే ట్రాన్సిట్ హోటల్ లోపలి, బయటి ప్రాంతాలు రెండింటిలోనూ సేవలందిస్తోంది. బెంగళూరులో విమానాశ్రయ ఆవరణలోనే తాజ్ హోటల్ ఉంది. హైదరాబాద్‌లో నోవోటెల్ హోటల్ విమానాశ్రయ ప్రాంగణంలోదే అయినా టెర్మినల్ నుంచి వాహనంలో వెళ్లాలి.

ఢిల్లీ, ముంబయి నగరాల్లో మరో జాగ్రత్త అవసరం. ఈ రెండు చోట్ల ఒకటో టెర్మినల్‌కు, మిగిలిన టెర్మినళ్లకు మధ్య కిలోమీటర్ల దూరం ఉంది. ఢిల్లీ మూడో టెర్మినల్‌లో దిగి, ఒకటో టెర్మినల్ నుంచి బయలుదేరేవారికి మూడో టెర్మినల్ లోపలి హోటల్ ఉపయోగపడకపోవచ్చు. టికెట్ మీద టెర్మినల్ సంఖ్యను చూసిన తరువాతే గది తీసుకోవడం మేలు.

తక్కువ ఖర్చుతో, తక్కువ సమయానికి బస కల్పించే దిశగా చెప్పుకోదగిన ప్రయత్నం కొచ్చిలో జరిగింది. అక్కడి విమానాశ్రయ సంస్థ 2024 సెప్టెంబరులో ‘0484 ఏరో లౌంజ్’ను ప్రారంభించింది. 0484 అనేది ఎర్ణాకుళం టెలిఫోన్ కోడ్. భద్రతా తనిఖీలకు వెలుపల ఉండటం వల్ల ప్రయాణికులే కాక వారిని సాగనంపడానికి వచ్చినవారు కూడా అక్కడ గంటల లెక్కన గది తీసుకోగలరు. గల్ఫ్ వలసలు అధికంగా ఉన్న కేరళలో సాగనంపే కుటుంబం కూడా ప్రయాణంలో భాగమే. ఈ మాట ఉత్తర తెలంగాణకూ, గోదావరి జిల్లాలకూ అంతే వర్తిస్తుంది.

గంటల లెక్క

మామూలు హోటళ్లలో గదిని మధ్యాహ్నం రెండింటికి ఇచ్చి మరునాడు పన్నెండింటికి ఖాళీ చేయించడం పరిపాటి. విమాన ప్రయాణికుడికి ఈ లెక్క సరిపోదు. అందువల్ల ట్రాన్సిట్ హోటళ్లు మూడు, ఆరు, పన్నెండు గంటల చొప్పున గదులిస్తాయి. పగటి వేళ మాత్రమే గది ఇచ్చే పద్ధతిని డే యూజ్ అంటారు. గంటల గడువు గదిలోకి ప్రవేశించిన క్షణం నుంచి మొదలవుతుందా, ముందుగా ఇచ్చిన సమయం నుంచి మొదలవుతుందా అన్నది హోటల్‌ను బట్టి మారుతుంది. విమానం ఆలస్యమైతే ఈ తేడాకు విలువ ఉంటుంది.

లోపలి, బయటి హోటళ్ల మధ్య భేదం నిద్రను ఎలా తగ్గిస్తుందో ఒక లెక్కతో చూడవచ్చు. అంతర్జాతీయ విమానం రాత్రి 9 గంటలకు దిగి, మరో అంతర్జాతీయ విమానం ఉదయం 5 గంటలకు బయలుదేరుతుందని అనుకుందాం. చూడటానికి ఎనిమిది గంటల వ్యవధి. లోపలి హోటల్ అయితే తనిఖీ ముగించుకుని 10 గంటలకు గదికి చేరవచ్చు. ఉదయం 4 గంటలకు గది వదిలితే సరిపోతుంది. ఆరు గంటల విశ్రాంతి దక్కుతుంది. బయటి హోటల్ అయితే ఇమిగ్రేషన్, సామాను ముగిసేసరికి పదిన్నర, గదికి చేరేసరికి 11 అవుతుంది. విమానానికి మూడు గంటల ముందు, అంటే 2 గంటలకు తిరిగి టెర్మినల్‌లో ఉండాలి. ఒంటిగంటన్నరకు గది విడవాలి. మిగిలేది రెండున్నర గంటలే. ఎనిమిది గంటల వ్యవధికి అద్దె చెల్లించి రెండున్నర గంటలు నిద్రపోవడం లాభమా అన్నది ప్రయాణికుడే తేల్చుకోవాలి.

తేదీల విషయంలోనూ పొరపాట్లు జరుగుతుంటాయి. టికెట్ మీద 15వ తేదీ 00.30 గంటలు అని ఉంటే 14వ తేదీ రాత్రే విమానాశ్రయానికి చేరాలి. అదే విధంగా 15వ తేదీ తెల్లవారుజామున 3 గంటలకు దిగి, వెంటనే మామూలు హోటల్‌లో గదిలోకి వెళ్లాలంటే 14వ తేదీ రాత్రికి గది తీసుకోవాలి. 15వ తేదీకి తీసుకుంటే ఆ మధ్యాహ్నం వరకు గది దొరక్కపోవచ్చు.

భారత్‌లో హోటల్ గదులపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి మారింది. రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదికి 5 శాతం, అంతకు మించితే 18 శాతం పన్ను పడుతుంది. వెబ్‌సైట్లలో మొదట కనిపించే ధరలో పన్ను కలిసిందో లేదో చూసుకోవాలి.

ఖర్చు ఎవరిది?

ప్రయాణికుడు తానై ఎంచుకున్న వ్యవధికి ఖర్చు అతనిదే. విమానం ఆలస్యమైనప్పుడు మాత్రం నిబంధనలు వర్తిస్తాయి. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ నిబంధనల ప్రకారం విమానం 24 గంటలకు మించి ఆలస్యమైతే విమానయాన సంస్థ ప్రయాణికులకు హోటల్ వసతిని, రాకపోకల వాహనాన్ని ఉచితంగా కల్పించాలి. రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 గంటల మధ్య బయలుదేరవలసిన విమానం ఆరు గంటలకు మించి ఆలస్యమైనా ఇదే నియమం. నిర్ణీత సమయానికి విమానాశ్రయానికి వచ్చినవారికే ఇది వర్తిస్తుంది. ఆలస్యం అంతకంటే తక్కువైతే, ప్రయాణ సమయాన్ని బట్టి రెండు నుంచి నాలుగు గంటల నిరీక్షణ తరువాత భోజనం, అల్పాహారం అందజేయాలి.

ఐరోపా సమాఖ్యలో 2004 నాటి 261వ నిబంధన అమలులో ఉంది. అక్కడి విమానాశ్రయం నుంచి బయలుదేరే ఏ విమానానికైనా, రాత్రి బస తప్పనిసరి అయినప్పుడు హోటల్ కల్పించవలసిన బాధ్యత విమానయాన సంస్థదే. 2010లో ఐస్‌లాండ్‌లో అగ్నిపర్వతం బద్దలై బూడిద మేఘం కమ్మినప్పుడు లక్షలాది మంది ఎక్కడికక్కడ నిలిచిపోయారు. అసాధారణ పరిస్థితుల్లోనూ ప్రయాణికుల సంరక్షణ బాధ్యత తొలగిపోదని ఐరోపా న్యాయస్థానం 2013లో తీర్పు చెప్పింది. అమెరికాలో ఆలస్యమైన విమానాల ప్రయాణికులకు హోటల్ కల్పించి తీరాలన్న సమాఖ్య చట్టం లేదు. తమ లోపం వల్ల ఆలస్యమైతే గది ఇస్తామని అక్కడి పెద్ద సంస్థలు చాలావరకు స్వయంగా హామీ ఇచ్చాయి.

ఈ హక్కు ఎంత అవసరమో 2025 డిసెంబరు మొదటి వారంలో దేశం చూసింది. సిబ్బంది విశ్రాంతి వేళలపై కొత్త నిబంధనల అమలు నేపథ్యంలో వేలాది విమానాలు రద్దయ్యాయి. హైదరాబాద్ సహా ప్రధాన నగరాల విమానాశ్రయాల్లో ప్రయాణికులు రాత్రింబవళ్లు నిరీక్షించారు. చిక్కుకుపోయినవారికి హోటల్ వసతి కల్పించాలని కేంద్ర పౌర విమానయాన శాఖ ఆదేశించింది. హక్కు ఉన్నదని తెలిసినవారే కౌంటర్ వద్ద దానిని అడగగలరు.

రెండు వేర్వేరు టికెట్లు కొన్నవారికి ఇంకో చిక్కు ఉంది. ప్రయాణమంతా ఒకే పీఎన్‌ఆర్ మీద ఉంటే మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు మరో విమానం చూపే బాధ్యత సంస్థదే. సామాను కూడా సాధారణంగా నేరుగా గమ్యానికి చేరుతుంది. చౌకగా వస్తున్నాయని విడివిడిగా కొన్న టికెట్లలో ఈ రక్షణ ఉండదు. మధ్యలో సామాను తీసుకోవాలంటే ఇమిగ్రేషన్ దాటాలి. అందుకు వీసా కావాలి. వీసా లేకపోతే లోపలి హోటల్‌లో గది ఉన్నా సామాను చేతికి రాదు. కొన్ని గల్ఫ్ సంస్థలు తమ పట్టికలో తక్కువ వ్యవధి విమానం లేనప్పుడు షరతులతో ఉచిత గదిని ఇస్తాయి. టికెట్ కొన్నప్పుడే అడిగి, లిఖితపూర్వకంగా తీసుకోవడం మంచిది.

గదిలోకి వెళ్లే ముందు

లోపలి హోటల్‌లో బస చేసేవారికి చెకిన్ చేసిన సామాను అందుబాటులో ఉండదు. రక్తపోటు, మధుమేహం మాత్రలు, ఇన్సులిన్, కళ్లద్దాలు, ఒక జత బట్టలు, ఫోన్ చార్జర్ చేతిసంచిలోనే పెట్టుకోవాలి. తొలిసారి విదేశానికి వెళ్లే పెద్దలకు మాత్రలు పెద్ద పెట్టెలో సర్దడం పలు కుటుంబాల్లో జరిగే పొరపాటు. చాలా ట్రాన్సిట్ హోటళ్ల గదులకు కిటికీలు ఉండవు, లేదా టెర్మినల్ లోపలికి తెరుచుకుంటాయి. పగలో రాత్రో తెలియదు. ఫోన్‌లోని గడియారం స్థానిక సమయానికి మారిందో లేదో చూసుకుని అలారం పెట్టుకోవాలి. గదిలోకి విమానాల ప్రకటనలు సాధారణంగా వినిపించవు. గేటు సంఖ్య మారవచ్చు. మేల్కొలుపు ఫోన్ చేయమని కౌంటర్‌లో చెప్పి ఉంచితే రెండు విధాల భరోసా ఉంటుంది.

కుర్చీలలో నిద్రించేవారు

ఎన్ని హోటళ్లు వెలిసినా, విమానాశ్రయంలో రాత్రి గడిపేవారిలో అధికులు కుర్చీలలోనే నిద్రిస్తారు. నెల జీతంలో గణనీయమైన భాగాన్ని కొన్ని గంటల పడకకు చెల్లించడం గల్ఫ్ కార్మికుడికి సాధ్యం కాదు. ఈ విషయంలో రైల్వేల అనుభవం గమనించదగినది. స్టేషన్లలోని రిటైరింగ్ రూములు, డార్మిటరీలు దశాబ్దాలుగా సామాన్య ప్రయాణికులకు టికెట్ ఆధారంగా తక్కువ అద్దెకు పడకను అందిస్తున్నాయి. 2021 నవంబరులో ముంబయి సెంట్రల్ స్టేషన్‌లో 48 పడకల పాడ్ హోటల్ కూడా ప్రారంభమైంది. బాటసారికి తలదాచుకునే చోటు కల్పించడం పుణ్యకార్యమని భావించి సత్రాలు కట్టించిన సమాజానికి ఈ ఆలోచన కొత్తది కాదు.

విమానాశ్రయాలు అలాంటి డార్మిటరీలను నిర్మించినా వాటి ప్రయోజనం ఎక్కడ కడతారన్న దాని మీదే ఆధారపడుతుంది. బయట కడితే సాగనంపే కుటుంబానికి, ముందు రోజే చేరిన విద్యార్థికి ఉపయోగం. లోపల కడితే విమానం మారే కార్మికుడికి ఉపయోగం. అంతవరకు ప్రయాణికుడు టికెట్ కొనేటప్పుడే మూడు విషయాలు తేల్చుకోవాలి. మధ్యలో దిగే విమానాశ్రయంలో హోటల్ గీతకు ఏ వైపున ఉంది, ప్రయాణమంతా ఒకే టికెట్ మీద ఉందా, తిరిగి గేటుకు చేరవలసిన సమయం పోగా నిద్రకు మిగిలేది ఎన్ని గంటలు. మూడో ప్రశ్నకు వచ్చే జవాబు మూడు గంటల కంటే తక్కువైతే గదికి పెట్టే డబ్బుతో భోజనం చేసి, గేటుకు దగ్గరలో వాలు కుర్చీ చూసుకోవడమే మేలు.